పాత సిస్టమ్‌కి ఏ కార్డు పడుతుంది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడ అని అడిగితే కొందరు తడుముకుంటారు. సీటీసీ అంటే మాత్రం కంప్యూటర్ కొన్నవాళ్లందరికీ తెలుసు. అక్కడి కౌంటర్ల ముందు రోజూ వినిపించే మాట ఒకటుంది. ‘అన్నా, ఐ5 ఫోర్త్ జనరేషన్ సిస్టమ్ ఉంది. మంచి గ్రాఫిక్స్ కార్డు చూపించు.’ పని తెలిసిన దుకాణదారు వెంటనే కార్డు తీయడు. ‘ఎస్ఎంపీఎస్ ఎంత తమ్ముడూ? క్యాబినెట్ పెద్దదా, సన్నదా?’ అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ కుర్రాడికి అది తెలియకపోతే, ఇంటికెళ్లి డోరు విప్పి ఫొటో తీసి పంపమంటాడు. అలా అడిగే దుకాణం దొరికితే సగం డబ్బు మిగిలినట్టే. ఎందుకంటే పాత డెస్క్‌టాప్ విషయంలో ఏ కార్డు గొప్పదన్నది రెండో ప్రశ్న. ఆ డబ్బా ఏ కార్డును మోయగలదన్నదే మొదటి ప్రశ్న.

ఈ డబ్బాలు మన ఇళ్లకి ఎలా వస్తున్నాయో చాలామందికి తెలుసు. కంపెనీలు, బ్యాంకులు కొన్నేళ్లు వాడి లాట్లుగా అమ్మేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి పేర్లతో అవి రిఫర్బిష్డ్ దుకాణాలకి చేరతాయి. అక్కడ దుమ్ము దులిపి, ఎస్ఎస్‌డీ వేసి, కొత్తదాని ధరలో చిన్న వంతుకే ఇస్తారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలకీ, డీటీపీ సెంటర్లకీ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే కుర్రాళ్లకీ ఆ పెట్టే మొదటి కంప్యూటర్. వాటిలో చాలావరకు 2013, 2014 నాటి ఫోర్త్ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్లు ఉంటాయి. ఎక్సెల్‌కీ, తెలుగు టైపింగ్‌కీ, ఆన్‌లైన్ క్లాసులకీ అవి ఈ రోజుకీ సరిపోతాయి. గేమ్ పెట్టినప్పుడు, ప్రీమియర్‌లో టైమ్‌లైన్ కదిపినప్పుడు, బ్లెండర్‌లో రెండర్ కొట్టినప్పుడు మాత్రం చతికిలబడతాయి. కార్డు కోసం వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. సిస్టమ్ ఆన్ కావడానికి అయిదు నిమిషాలు పడుతోందంటే, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరవగానే హ్యాంగ్ అవుతోందంటే గ్రాఫిక్స్ కార్డు చేసేదేమీ లేదు. అది పాత హార్డ్‌డిస్కు చేసే పని, చాలని ర్యామ్ చేసే పని. ముందు ఎస్ఎస్‌డీ వేయించాలి. ఒకే నాలుగు జీబీ స్టిక్ ఉంటే దాన్ని రెండు స్టిక్కుల ఎనిమిదో, పదహారో చేయాలి. ఆ రెండూ అయ్యాక కూడా గేమో, వీడియోనో నడవకపోతే అప్పుడు కార్డు మాట.

డోరు విప్పితే తెలిసేది

పక్కనున్న రేకు డోరు తీసి, సిస్టమ్ మొత్తానికీ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లు కాదు, కింద గడుల్లో 12 వోల్టుల వరస చూడాలి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉందనుకోండి. 12తో గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు, ఫ్యాన్లు, హార్డ్‌డిస్కు మోటారు అన్నీ ఆ 216లోంచే తాగాలి. ఐ5-4570 ప్రాసెసర్ రేటింగు 84 వాట్లు. మిగతా సామానుకి ఇంకో పాతిక, ముప్పై తీసేయండి. కార్డుకి మిగిలేది నూటికి అటూ ఇటూ. నిండు లోడు మీద గంటల తరబడి నడిచే సామాను కాబట్టి, ఆ నూరు కూడా అంచుదాకా వాడకూడదు.

ఆప్టిప్లెక్స్ 9020 పెద్ద క్యాబినెట్‌లో కంపెనీ ఇచ్చిన ఎస్ఎంపీఎస్ 290 వాట్లది, సన్నదాంట్లో 255 వాట్లది. ఇవి తక్కువగా కనిపించినా నాణ్యమైనవి, రాసినంతా ఇస్తాయి. అసెంబుల్డ్ సిస్టముల్లో వచ్చే చవక ఎస్ఎంపీఎస్‌ల కథ వేరు. పైన 450 అని రాసి ఉంటుంది. 12 వోల్టుల గడి లెక్క కడితే చాలావాటిలో అందులో సగానికి కాస్త పైన తేలుతుంది. అలాంటి దాని మీద పెద్ద కార్డు పెడితే గేమ్ మధ్యలో సిస్టమ్ ఆరిపోతుంది. అదృష్టం బాగోకపోతే పోతూ పోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోతుంది.

మదర్‌బోర్డు మీద ఉన్న పొడవాటి స్లాటు ఒక్కటే 75 వాట్ల దాకా కరెంటు ఇస్తుంది. అంతకుమించి కావాల్సిన కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తుంది. ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి ఆ వైర్లే ఉండవు. ‘దానిదేముంది, కన్వర్టర్ వేద్దాం’ అని ఎవరైనా శాటా వైరుని ఆరు పిన్నులకి మార్చే ముక్క తగిలిస్తానంటే ఒప్పుకోవద్దు. శాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకే తయారైంది. దాన్నుంచి 75 లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. వంద రూపాయల ముక్క ఇంట్లో పొగ పెడుతుంది. ఈ విషయంలో బేరం లేదు.

ఎస్ఎంపీఎస్సే మార్చేద్దామంటే బ్రాండెడ్ డబ్బాల్లో ఇంకో చిక్కు. ఆప్టిప్లెక్స్ 9020 బోర్డుకి మామూలు 24 పిన్నుల ప్లగ్గు పట్టదు, ఎనిమిది పిన్నులది కావాలి. హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ1 అయితే ఆరు పిన్నులు. మార్చే కేబుళ్లు దొరుకుతాయి, కానీ ఆ మోడల్‌కి సరిపోయేదే తీసుకోవాలి. సన్న క్యాబినెట్‌లో అయితే కొత్త ఎస్ఎంపీఎస్ పట్టేందుకు చోటే ఉండదు. అక్కడ కార్డు ఎత్తు కూడా సగమే ఉండాలి. దుకాణాల్లో దాన్ని లో ప్రొఫైల్ అంటారు. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డైతే పక్కన ఎస్ఎంపీఎస్ రేకుకి తగులుతుందో లేదో స్కేలు పెట్టి కొలుచుకోవాలి.

విడి వైరు అక్కర్లేని కార్డులు

ఈ లెక్కలన్నీ కలిపితే, పాత ఆఫీసు డబ్బా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి 75 వాట్ల లోపు కార్డే దారి. అది రాజీ అనుకోనక్కర్లేదు. ఈ వర్గంలో ఏడెనిమిదేళ్లలో మంచి కార్డులే వచ్చాయి.

అన్నిటికంటే కింద జీటీ 710, జీటీ 730 ఉంటాయి. ఇప్పటికీ కొత్త డబ్బాల్లో, మెరిసే అట్టలతో అమ్ముతూనే ఉన్నారు. 710లో ఉన్నది 192 కోర్లు, అదీ కెప్లర్ కాలంనాటి చిప్. ఆ తరానికి ఎన్‌విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం 2021లోనే ఆపేసింది. ‘730లో నాలుగు జీబీ ఉంది సార్’ అని అంటగట్టే మాట నమ్మొద్దు. ఆ నాలుగు జీబీ నెమ్మదైన డీడీఆర్3. కార్డు మెమరీ ఎంత ఉందన్నది ఒక లెక్క, అది ఎంత వేగంగా కదులుతుందన్నది అంతకంటే పెద్ద లెక్క. మానిటర్‌కి బొమ్మ రావడం తప్ప వీటితో ఒరిగేదేమీ లేదు. గేమ్ కోసమని అడిగిన పిల్లాడి చేతిలో వీటిని పెట్టడం అన్యాయం.

2017లో వచ్చిన జీటీ 1030 వీడియోలు చూసేవాళ్లకి పనికొస్తుంది. 30 వాట్లే తాగుతుంది, ఫ్యాను లేని మోడళ్లూ ఉన్నాయి. ఫోర్త్ జనరేషన్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి హెచ్ఈవీసీ, వీపీ9 వీడియోలను నడిపే ప్రత్యేక హార్డ్‌వేర్ పూర్తిగా లేదు. ఈ కార్డుకి ఉంది. అందుకే 4కే వీడియో ఆగి ఆగి నడిచే సిస్టమ్‌లో ఇది పెడితే సాఫీగా సాగుతుంది. అయితే ఇదే పేరుతో రెండు కార్డులున్నాయి. మొదటిది జీడీడీఆర్5 మెమరీతో సెకనుకి 48 జీబీ కదుపుతుంది. మరుసటి ఏడాది వచ్చిన డీడీఆర్4 రకం 16.8 జీబీ దగ్గర ఆగిపోతుంది. పేరు ఒకటే, అట్ట మీది బొమ్మా ఇంచుమించు ఒకటే. కొనేవాడు ఆ చిన్న అక్షరాలు చదివి తీరాలి.

జీటీఎక్స్ 1050 టీఐ 2016 అక్టోబరులో వచ్చింది. నాలుగు జీబీ, 75 వాట్లు. మన దగ్గర ఎంతోమందికి అదే మొదటి గేమింగ్ కార్డు. జీటీఏ 5, వాలరెంట్ లాంటివి దీని మీద ఇప్పటికీ హాయిగా ఆడుకోవచ్చు. కానీ ఇప్పుడు కొత్తగా డబ్బు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఈ కార్డుది పాస్కల్ తరం, ఆ తరానికి గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగిశాయి. ఇక వచ్చేవి 2028 దాకా మూడు నెలలకోసారి భద్రతా ప్యాచులు మాత్రమే.

అందుకే దాని పక్కనే ఉన్న జీటీఎక్స్ 1650 నాకు మెరుగనిపిస్తుంది. 2019 ఏప్రిల్‌లో వచ్చింది, 896 కోర్లు, నాలుగు జీబీ, అదే 75 వాట్లు. ట్యూరింగ్ తరం కాబట్టి పాస్కల్‌కి కట్టిన గీతకి ఇవతలే ఉంది. స్లాటులో సమాచారం నడిచే 16 లేన్లూ వాడుకుంటుంది. ఈ లేన్ల సంగతి పాత బోర్డుకి ఎంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను. కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే. 1650ల్లో కొన్ని మోడళ్లకి ఆరు పిన్నుల వైరు కావాలి. కార్డు అంచున సాకెట్ లేని మోడల్ చూసి తీసుకోవాలి.

ఏఎండీ వైపు ఆర్ఎక్స్ 6400 ఉంది. 2022లో వచ్చింది, 53 వాట్లు, నాలుగు జీబీ, ఒకే స్లాటు మందంలో సన్న క్యాబినెట్‌కి అచ్చంగా సరిపోయే మోడళ్లున్నాయి. చూస్తే ఆఫీసు డబ్బా కోసమే చేసినట్టుంటుంది. చిక్కంతా దాని లేన్లలో ఉంది. అది వాడేది నాలుగు లేన్లే. కొత్త బోర్డుల్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో వెర్షన్ మీద ఆ నాలుగు లేన్లూ సెకనుకి 8 జీబీ దాకా మోస్తాయి. మూడో వెర్షన్ మీద అది సగమై 4 అవుతుంది. రెండో వెర్షన్ మీద 2. గేమ్‌కి కావాల్సిన మెమరీ కార్డులోని నాలుగు జీబీ దాటిందంటే సిస్టమ్ ర్యామ్ నుంచి సరుకు తెచ్చుకోవాలి కదా, పెద్ద ట్యాంకుకి సన్న పైపు బిగించినట్టు అక్కడ ధార సన్నబడిపోతుంది. కొత్త సిస్టమ్‌లో 1650తో దీటుగా నిలిచే ఈ కార్డు పాతదాంట్లో వెనకబడేది అందుకే. పైగా వీడియో ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ దీంట్లో లేనే లేదు. గేమ్ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టుకునే పిల్లలు దీని జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ మన అసెంబుల్డ్ సిస్టముల గురించి ఒక సంగతి చెప్పాలి. ఫోర్త్ జనరేషన్ అనగానే మూడో వెర్షన్ స్లాటు ఉంటుందనుకుంటారు. ప్రాసెసర్‌కి ఆ శక్తి ఉంది, నిజమే. కానీ చవకని ఇళ్లలోనూ నెట్ సెంటర్లలోనూ విరివిగా వేసిన హెచ్81 బోర్డులు స్లాటుని రెండో వెర్షన్ దగ్గరే ఆపేస్తాయి. సెకండ్ జనరేషన్ ప్రాసెసర్లయితే సరేసరి, వాటికి తెలిసిందే రెండో వెర్షన్. స్లాటులో ఏదో ఒక కార్డు ఉన్నప్పుడు జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి చూస్తే ఇది తేలిపోతుంది. అక్కడ రెండు అని కనిపిస్తే 6400 పక్కన పెట్టి 1650కే ఓటు వేయాలి.

ఇప్పుడు కొత్తది, వారంటీతో కావాలనుకునేవాళ్లకి ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 2304 కోర్లు, 70 వాట్లు, చాలా మోడళ్లకి విడి వైరు అక్కర్లేదు. 75 వాట్ల గీత లోపల గేములకీ, ఎడిటింగ్‌కీ, బ్లెండర్‌కీ మూడింటికీ నిలబడే కార్డు ఇది. 1650 కన్నా స్పష్టంగా ముందుంటుంది, మెమరీ రెండు జీబీలు ఎక్కువ. ఎనిమిది లేన్లు వాడుతుంది కాబట్టి మూడో వెర్షన్ స్లాటులో ఇబ్బంది పడదు. నాకు కోపం తెప్పించేది దాని పేరు. 2022లో వచ్చిన ఎనిమిది జీబీ కార్డునీ 3050 అనే పిలిచారు. దానికి 130 వాట్లు కావాలి, విడి వైరు కావాలి, కోర్లు 2560. రెండు వేర్వేరు కార్డులకి ఒకే నంబరు పెట్టడం కొనేవాణ్ని చీకట్లో పెట్టడమే. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చేవాళ్లు ‘6జీబీ’ అన్న అక్షరాలు బిల్లు మీద కూడా చూసుకోవాలి.

ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా 75 వాట్ల కార్డే, ఆరు జీబీ ఉంది. ఏవీ1 ఫార్మాట్‌లో వీడియో ఎన్‌కోడ్ చేయగలదు. అయితే ఆర్క్ కార్డులు నిండుగా పనిచేయాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలని ఇంటెల్ చెబుతోంది. పదేళ్ల నాటి బోర్డుల్లో అది రాదు. అది లేకుండా గేమ్ వేగం బాగా పడిపోతుంది. పాత సిస్టమ్‌కి వద్దు.

సెకండ్ హ్యాండ్ బజారులో

మంచి ఎస్ఎంపీఎస్, పెద్ద క్యాబినెట్ ఉన్నవాళ్లకి సెకండ్ హ్యాండ్ బజారు ఊరిస్తుంది. ఆర్ఎక్స్ 580 ఎనిమిది జీబీ అక్కడ రాజు. 2017 ఏప్రిల్‌లో వచ్చిన కార్డు, సెకనుకి 256 జీబీ మెమరీ వేగం, అంటే 1650కి రెట్టింపు. 185 వాట్లు తాగుతుంది. అది ఇంత చవకగా దొరకడానికి కారణం ఉంది. ఎథీరియం నాణేల మైనింగ్ కోసం ఇలాంటి కార్డులను రాత్రింబవళ్లు నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం ఆగింది. గుట్టలు గుట్టలుగా కార్డులు బజారున పడ్డాయి.

మైనింగ్ చేసిన కార్డు అనగానే పాడైందని కొట్టిపారేయక్కర్లేదు. చిప్ కంటే ముందు అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ పేస్టూ ప్యాడ్లూ. వాటిని మార్చుకోవచ్చు. మెమరీ చిప్స్ దెబ్బతిని ఉంటే మాత్రం చేసేదేమీ లేదు, తెర మీద రంగు చుక్కలు, గళ్లు కనపడతాయి. అందుకని కార్డు చేతిలో పెట్టుకుని తిప్పి చూడాలి. వెనక నాలుగు స్క్రూల తలలు గీరుకుపోయి ఉంటే విప్పారన్న మాట. ఎందుకు విప్పారో అడగాలి. స్లాటులో దిగే బంగారు రంగు అంచు మీద కాలిన మచ్చ ఉండకూడదు. మెమరీ చుట్టూ నూనె జిడ్డు కనిపిస్తే ప్యాడ్లు కారుతున్నాయని అర్థం. ఫ్యానుని వేలితో మెల్లగా తిప్పితే గరగరలాడకూడదు. ఆ తర్వాత దుకాణంలోనే సిస్టమ్‌కి పెట్టించి ఫర్‌మార్క్ లాంటి పరీక్ష పావుగంటైనా నడిపించాలి. కరెంటు పోయింది, రేపు రమ్మంటే రేపే వెళ్లండి. డబ్బు ఇవాళ ఇచ్చి కార్డు ఇంట్లో చూసుకోవడం వద్దు.

580లో ఇంకో మెలిక. 2018లో చైనా మార్కెట్టు కోసం 2048ఎస్‌పీ అనే రకం తెచ్చారు. అసలు 580లో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లుంటే దీనిలో 2048. అంటే పేరు 580, లోపల ఉన్నది 570. మన ఆన్‌లైన్ దుకాణాల్లో ముక్కూమొహం తెలియని బ్రాండ్లతో అమ్ముతున్న ‘కొత్త’ 580ల్లో ఈ రకం చాలా ఉంది. ఇంతకంటే పచ్చి మోసం పాత కార్డు బయోస్ మార్చి 1050 టీఐ అని చూపించడం. విండోస్ కూడా దాన్ని నమ్మేస్తుంది. జీపీయూ-జెడ్ 2018 నుంచి అలాంటి కార్డుల పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తోంది. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి.

580 కన్నా నా మనసు ఆర్ఎక్స్ 6600 వైపు మొగ్గుతుంది. 2021 అక్టోబరులో వచ్చింది, ఎనిమిది జీబీ, 132 వాట్లు. తక్కువ కరెంటుతో 580ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. వేసవిలో చిన్న గదిలో కూర్చుని ఆడుకునేవాళ్లకి ఆ యాభై వాట్ల వేడి తేడా చర్మానికే తెలుస్తుంది. కొత్త గేముల సంగతీ ఉంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద తెరుచుకోదు. ఎనిమిది జీబీ మెమరీ కనీస అర్హత. 580, 1650 రెండూ అక్కడ గడప దాటలేవు. 6600 దాటుతుంది.

ప్రాసెసర్ అడ్డుపడే చోటు

అలాగని నాలుగు కోర్ల ఐ5-4570 పక్కన 6600 పెడితే దాని పూర్తి పనితనం చూడగలరా అంటే, చాలా గేముల్లో చూడలేరు. ప్రతి ఫ్రేములో ఎవరు ఎక్కడున్నారో, ఏం జరుగుతోందో లెక్క కట్టి కార్డుకి అందించేది ప్రాసెసర్. అది అందించేదాకా కార్డు చేతులు కట్టుకుని నిలబడుతుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గరుంది, కార్డు మార్చినా లాభం లేదు. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి పోటీ ఆటల్లో ఇది బాగా తెలుస్తుంది.

ఇలాంటివాళ్లకి నేను చెప్పేది, కార్డు ఒక మెట్టు తగ్గించి ఆ మిగిలిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఐ7-4770 వేసుకోమని. అదే సాకెట్టులో దిగుతుంది, అవే నాలుగు కోర్లు కానీ ఎనిమిది థ్రెడ్లు. సెకండ్, థర్డ్ జనరేషన్ వాళ్లకి ఐ7-2600, 3770 అలాంటివే. 3050 ఆరు జీబీ పక్కన ఇలాంటి ఐ7, పదహారు జీబీ ర్యామ్ ఉంటే ఆ డబ్బా ఇంకొన్నేళ్లు గౌరవంగా పనిచేస్తుంది.

బ్లెండర్ నేర్చుకునేవాళ్లది వేరే దారి. బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్‌కి ఏఎండీ కార్డులు ఆధారపడిన ఓపెన్‌సీఎల్‌ని 2021 డిసెంబరులో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి తీసేశారు. దాంతో ఆర్ఎక్స్ 580 అక్కడ రెండర్‌కి పనికిరాదు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ అయితే ఆప్టిక్స్ అనే వేగవంతమైన దారి ఉంది. రెండర్‌లో బరువంతా కార్డే మోస్తుంది, పాత ప్రాసెసర్ పెద్దగా అడ్డుపడదు. అందుకే మంచి ఎస్ఎంపీఎస్ ఉండి బ్లెండర్, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడం మీద ఆసక్తి ఉన్న విద్యార్థికి 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 పన్నెండు జీబీ సెకండ్ హ్యాండ్‌లో మంచి పెట్టుబడి. 170 వాట్లు కావాలి, ఆఫీసు ఎస్ఎంపీఎస్ మీద మాత్రం వద్దు.

పెట్టాక

కార్డు బిగించి ఆన్ చేశాక డిస్‌ప్లే రాలేదని కంగారుపడేవాళ్లు చాలామంది. మొదట మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మదర్‌బోర్డు వెనక పాత సాకెట్‌లోనే ఉంటే కార్డులోకి మార్చాలి. అప్పటికీ రాకపోతే బయోస్ అప్‌డేట్ చేసి, యూఈఎఫ్ఐ బూట్ పెట్టి చూడాలి. కొన్ని పాత బోర్డులు కొత్త కార్డులను గుర్తించక మొరాయిస్తాయి. అందుకే పెట్టి చూసి, పట్టకపోతే వెనక్కి ఇచ్చే మాట మీదే కొనాలి, ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్ నుంచే అనుమతి. గేముల మీద పట్టుదల లేనివాళ్లు లినక్స్ వేసుకుంటే ఆ బెంగ ఉండదు. బ్లెండర్ అక్కడ చక్కగా నడుస్తుంది.

చివరిగా కేబుల్ సంగతి. ఆఫీసు డబ్బాతో పాటు వచ్చే మానిటర్లలో చాలావాటికి నీలం రంగు వీజీఏ తీగే ఉంటుంది. 1050 టీఐ మొదలుకొని ఇప్పటి కార్డులేవీ వీజీఏ సిగ్నల్ ఇవ్వవు. రూపం మార్చే ఉత్త ప్లగ్గు ముక్క పనిచేయదు, లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కావాలి. కార్డు కొన్న రోజే అదీ అడిగి తీసుకోండి. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే ఆ ఖర్చూ లేదు, నేరుగా కేబుల్ పెట్టుకోవచ్చు.